గర్భసంచి తీయించుకోవాల్సిన జబ్బు కాదమ్మా ఇది

విజయవాడ భవానీపురం నుంచి ఒకావిడ నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు రాయొద్దన్నారు, రాయను. వయసు 41. వన్‌టౌన్‌లో ఒక హోల్‌సేల్ బట్టల షాపులో బిల్లింగ్ కౌంటర్ చూస్తారు, పొద్దున పదింటికి వెళ్తే రాత్రి తొమ్మిదికి గానీ బయటపడరు. భర్తకు సొంత లారీ ఉంది, ఆయనే నడుపుతారు, ఆటోనగర్‌లో లోడ్ ఎత్తితే మళ్లీ ఇల్లు చూసేది పది పదిహేను రోజులకే. ఇద్దరు పిల్లలు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ ఎప్పుడో అయిపోయింది. మూడేళ్ల నుంచి సుగర్ ఉంది. కిందటి ఉగాదికి డాక్టరు పాత మాత్రకు తోడుగా కొత్త మాత్ర ఒకటి కలిపారు.

అసలు బాధ ఏమిటంటే, పోయిన ఎండాకాలం చివర్లో మొదలైన దురద, మంట, విరిగిన పాలలాంటి తెల్లబట్ట ఇప్పటికి ఐదుసార్లు తిరగబెట్టాయి. ప్రతిసారీ మెడికల్ షాపుకే వెళ్లారు. అక్కడ కౌంటర్ దగ్గర అందరూ మగవాళ్లే, నోరు తెరిచి చెప్పలేక చీటీ మీద రాసి మడిచి ఇస్తారట. వాళ్లు ఒక మాత్ర, ఒక ట్యూబు ఇస్తారు, మూడు రోజులు హాయిగా ఉంటుంది, నెలా నెలన్నరకు మళ్లీ మొదలు. మూడోసారి ఆ మాత్ర వేసుకున్న మర్నాడు మధ్యాహ్నం కౌంటర్ దగ్గరే చెమటలు పట్టి, చేతులు వణికి, కళ్లు తిరిగాయట. పక్కనున్న అమ్మాయి కూల్ డ్రింక్ తాగిస్తే పది నిమిషాల్లో సర్దుకుందట. ఎండ దెబ్బ అన్నారు అందరూ. అత్తగారేమో ఒంట్లో వేడి అని బార్లీ నీళ్లు పట్టి, కోడిగుడ్డు మాన్పించారు. ఆడపడుచు 36 ఏళ్లకే గర్భసంచి తీయించుకుంది, "సంచి తీయించేయ్ వదినా, పీడ వదిలిపోతుంది" అంటోంది. ఈవిడ మనసులో మాత్రం ఇంకో భయం ఉంది. ఆయన లారీ మీద ఊళ్లు తిరిగే మనిషి కదా, ఎక్కడైనా తగిలించుకుని వచ్చి నాకు అంటించారేమో అని. ఆ మాట అడగలేక, దగ్గరకు రానివ్వలేక, శ్రావణంలో వ్రతాలని, కార్తీకంలో ఉపవాసాలని, తర్వాత ధనుర్మాసమని నెట్టుకొచ్చారు. "సంక్రాంతి కూడా అయిపోయింది మేడమ్, ఇక చెప్పడానికి నా దగ్గర పండగ లేదు" అని రాశారు.

అమ్మా, ఆ చివరి వాక్యం దగ్గర నాకు కళ్లు చెమ్మగిల్లాయి. నేను డాక్టర్ని కాను. గుంటూరులో గైనిక్ ఓపీలో ఇరవై ఏళ్లకు పైగా స్టాఫ్ నర్సుగా చేశాను. తలుపు వేసి కర్టెన్ లాగిన తర్వాత గానీ నోరు విప్పని ఆడవాళ్లను రోజూ చూశాను, కాబట్టి మీరు చీటీ మడిచి ఇవ్వడం నాకు బాగా అర్థమవుతుంది. ఇక్కడ మాత్రం మడతలు లేకుండానే మాట్లాడుకుందాం.

ముందు మీ ఆయన సంగతి, ఎందుకంటే మీకు నిద్ర లేకుండా చేస్తున్నది దురద కంటే అదే అనిపిస్తోంది. మీరు చెప్పిన లక్షణాలు, అంటే విపరీతమైన దురద, పెరుగు తరకల్లాంటి తెలుపు, పెద్దగా వాసన లేకపోవడం, ఇవి ఈస్ట్ ఇన్ఫెక్షన్‌కు సరిపోతాయి. కాండిడా అనే ఈ ఫంగస్ బయటి నుంచి ఎవరో తెచ్చి పెట్టేది కాదు. మామూలుగానే మన పేగుల్లో, యోనిలో కొద్దికొద్దిగా ఉంటుంది. అక్కడే ఉండే మంచి బ్యాక్టీరియా దాన్ని అదుపులో పెడుతుంది. సుగర్ పెరగడమో, యాంటీబయాటిక్ వాడటమో, ఇంకేదైనా కారణమో ఆ అదుపు తప్పిస్తే అది పెరిగిపోతుంది. ప్రతి నలుగురు ఆడవాళ్లలో ముగ్గురికి జీవితంలో ఒక్కసారైనా వస్తుంది, పెళ్లికాని పిల్లలకూ వస్తుంది. దీన్ని సుఖవ్యాధుల లెక్కలో వేయరు. భర్తకు దురద, ఎర్రబడటం లాంటివి ఉంటే తప్ప ఆయనకు మందు కూడా ఇవ్వరు. కాబట్టి ఈ ఇన్ఫెక్షన్‌ను పట్టుకుని ఆయన మీద ఏ తీర్పూ చెప్పలేం, మీ మీదా చెప్పలేం. మాటిమాటికీ తిరగబెడుతున్నప్పుడు హెచ్ఐవీ పరీక్ష కూడా ఒకసారి చేయించమని డాక్టర్లు అంటుంటారు, అది రొటీన్ పరీక్ష, ప్రభుత్వాసుపత్రుల్లో ఐసీటీసీ అనే సలహా, పరీక్షా కేంద్రాల్లో ఉచితంగా, గుట్టుగా చేస్తారు. చేయించుకుంటే ఆ భయమూ ఒక కాగితంతో తేలిపోతుంది.

ఇప్పుడు మీ ఉత్తరంలో మీరు గమనించకుండానే రాసిన ఒక విషయం. సుగర్ గురించి రాస్తూ మాత్రల పేర్లు చెప్పారు: పాతది గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర, ఉగాదికి కలిపింది డాపాగ్లిఫ్లోజిన్ 10. మీ మొదటి దురద ఎప్పుడు? ఆ మాత్ర మొదలుపెట్టి రెండు నెలలు తిరక్కుండానే. నాకు అక్కడే కలం ఆగిపోయింది.

ఈ మాత్ర పనిచేసే తీరే వేరు. మామూలుగా మూత్రపిండాలు రక్తంలోని చక్కెరను వడకట్టి మళ్లీ రక్తంలోకే పంపేస్తాయి. ఈ మాత్ర ఆ దారి మూసేస్తుంది, దాంతో చక్కెర మూత్రంలో పోతుంది. రక్తంలో సుగర్ తగ్గుతుంది, నిజమే. కానీ ఆ తీపి మూత్రం తగిలే చోట ఫంగస్‌కు రోజూ మేత వేసినట్టే. ఇది వాడే ఆడవాళ్లలో ఈస్ట్ ఇన్ఫెక్షన్లు వాడని వాళ్లకంటే మూడు నాలుగు రెట్లు ఎక్కువగా కనిపిస్తాయి. 2020లో పేటెంట్ అయిపోయాక మన దేశంలో దీని ధర బాగా తగ్గింది, ఇప్పుడు చాలామంది వాడుతున్నారు. మరి మాత్ర రాసేటప్పుడు "అమ్మా, కింద దురద రావచ్చు, వస్తే సిగ్గుపడకుండా చెప్పండి" అనే ఒక్క ముక్క చెబితే ఎంత బాగుండును!

అయితే ఇది చదివి ఈ రాత్రికే ఆ మాత్ర ఆపేయకండి. అది గుండెకూ మూత్రపిండాలకూ మేలు చేసే మంచి మందు. మీ డాక్టరు ఏం చూసి రాశారో ఆయనకే తెలుసు. మీ అంతట మీరు ఆపేస్తే రక్తంలో సుగర్ పెరుగుతుంది, సుగర్ పెరిగితే ఫంగస్ ఇంకా పెరుగుతుంది, అప్పుడు రెండు విధాలా చెడతాం. మీ ముందు రెండు దారులున్నాయి. ఒకటి, మాత్ర కొనసాగిస్తూనే ఇన్ఫెక్షన్‌కు పూర్తి వైద్యం, జాగ్రత్తలు తీసుకోవడం. కొందరికి ఇలా సరిపోతుంది, మాత్ర వల్ల వచ్చే మేలు కూడా పోదు. రెండోది, డాక్టరుతో మాట్లాడి దాని బదులు వేరే రకం మందు పెట్టించుకోవడం. ఐదుసార్లు వచ్చింది కాబట్టి ఈ మాట అడిగే హక్కు మీకు ఉంది. కానీ మీకు కిడ్నీ సమస్యో గుండె సమస్యో ఉండి ఇది రాసి ఉంటే, మార్చడం అంత తేలిక కాకపోవచ్చు, ఆ సంగతి కూడా అడిగి తెలుసుకోండి. మూడు నెలల సుగర్ పరీక్ష, అదే హెచ్‌బీఏ1సీ, ఎప్పుడు చేయించారో మీరు రాయలేదు. అది కొత్తగా చేయించి ఆ రిపోర్టుతోనే వెళ్లండి.

ఇంకొకటి, ఇది చాలా ముఖ్యం. కార్తీక సోమవారాలు రాత్రి నక్షత్రం చూసే దాకా ఏమీ తినకుండా ఉన్నానని రాశారు. డాపాగ్లిఫ్లోజిన్ వేసుకుంటూ అలా కటిక ఉపవాసం ఉంటే, నీళ్లు కూడా తక్కువ తాగితే, రక్తంలో కీటోన్లు అనే ఆమ్లాలు పెరిగి ప్రాణం మీదకు రావచ్చు. సుగర్ మీటరులో అంకె మరీ ఎక్కువ లేకపోయినా ఇది జరగవచ్చు. వాంతులు, కడుపు నొప్పి, ఆయాసం వస్తే ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలి. శివరాత్రి వస్తోంది, ఉపవాసం ఉండాలనుకుంటే ముందే డాక్టరును అడగండి, ఏ మాత్ర ఎప్పుడు ఆపాలో ఆయన చెబుతారు. గ్లిమిపిరైడ్ వేసుకుని కడుపు మాడ్చుకుంటే సుగర్ పడిపోతుంది, అదొక ప్రమాదం.

సుగర్ పడిపోవడం అన్నాను కదా, ఆ మధ్యాహ్నం కౌంటర్ దగ్గర మీకు జరిగింది ఎండ దెబ్బ కాదేమోనమ్మా. మెడికల్ షాపులో ఫంగస్‌కని ఇచ్చిన ఆ ఒక్క మాత్ర ఫ్లూకోనజోల్ 150 అని రాశారు. ఆ మందు ఒంట్లో ఉన్నప్పుడు గ్లిమిపిరైడ్ త్వరగా కరగదు, ఎక్కువసేపు నిలిచి ఎక్కువ పనిచేస్తుంది, సుగర్ దబ్బున పడిపోతుంది. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం, తీపి తాగగానే పది నిమిషాల్లో తేరుకోవడం, ఇదంతా సుగర్ పడిపోయినప్పటి తీరే. మీకు కూల్ డ్రింక్ పట్టిన ఆ అమ్మాయి తెలియకుండానే సరైన పని చేసింది. ఇకమీదట ఫ్లూకోనజోల్ రాసే ప్రతి డాక్టరుకూ మీ సుగర్ మాత్రల స్ట్రిప్పులు చూపించండి. బ్యాగులో గ్లూకోజ్ పొడి ఉంచుకోండి. మళ్లీ అలా అనిపిస్తే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలుపుకుని తాగండి, పావుగంట తర్వాత మీటరులో చూసుకోండి.

ఇక ఆ ట్యూబు. మీరు పేరు రాయలేదు గానీ, "నాలుగు మందులు కలిపిన క్రీమ్, రాయగానే చల్లగా ఉంటుంది" అన్నారు. మన మెడికల్ షాపుల్లో అడగకుండానే చేతిలో పెట్టేవి చాలావరకు ఇలాంటివే. ట్యూబు మీద సన్న అక్షరాల్లో క్లోబెటాసాల్ అనో, బీటామెథాసోన్ అనో, బెక్లోమెథాసోన్ అనో ఉందేమో చూడండి, ఫోన్‌లో ఫోటో తీసి పెద్దది చేసుకుంటే చదవొచ్చు. ఉంటే అది స్టెరాయిడ్. స్టెరాయిడ్ దురదను వెంటనే నొక్కేస్తుంది, ఫంగస్‌ను నొక్కదు, పైగా దాన్ని అడ్డుకునే శక్తిని తగ్గిస్తుంది. మూడు రోజుల హాయి, నెలకు మళ్లీ రావడం, ఈ రెండిటికీ ఇది కూడా ఒక కారణం కావచ్చు. నెలల తరబడి రాస్తే ఆ లేత చర్మం కాగితంలా పలచబడి చీలుతుంది. నడుస్తుంటే సన్నగా కోసినట్టు మంట అని రాశారు, అది ఇన్ఫెక్షన్ వల్లా, క్రీమ్ వల్లా అన్నది చూస్తే గానీ తెలియదు. ఆ ట్యూబు వాడటం ఆపండి, కానీ పారేయకండి, డాక్టరుకు చూపించాలి.

గర్భసంచి గురించి గట్టిగా చెప్పాలి. ఫంగస్ ఉండేది యోనిలో, గర్భసంచిలో కాదు. సంచి తీసేసినా యోని అక్కడే ఉంటుంది, సుగర్ అక్కడే ఉంటుంది, దురద మళ్లీ వస్తుంది. మన రాష్ట్రం దేశంలోనే గర్భసంచి ఆపరేషన్లు ఎక్కువగా జరిగే చోటు. ముప్పై ఐదేళ్లు నిండకుండానే తెల్లబట్ట అని, నడుము నొప్పి అని తీయించుకుని, తర్వాత కూడా అవే బాధలతో మా ఓపీకి వచ్చిన వాళ్లు నాకు ఎంతమందో గుర్తున్నారు. మీ ఆడపడుచుకు ఏ కారణంతో తీశారో మనకు తెలియదు, ఆవిణ్ణి తప్పుపట్టను. మీకు మాత్రం ఈ కారణంతో ఎవరైనా ఆ ఆపరేషన్ చెబితే, సంతకం పెట్టకుండా ఇంకో డాక్టరు దగ్గరకు వెళ్లండి.

అత్తగారి వేడి మాటకు కోపం తెచ్చుకోకండి, మా అమ్మ కూడా అదే అనేది. బార్లీ నీళ్లు తాగితే నష్టం లేదు, కానీ కోడిగుడ్డు మానాల్సిన పని అస్సలు లేదు, సుగర్ ఉన్న మనిషికి గుడ్డు మంచి తిండి.

ఇంతకీ ఇది ఈస్టేనా అన్నది కూడా ఒకసారి తేల్చుకోవాలి. లక్షణాలు సరిపోయినంత మాత్రాన అదే అని ఖాయంగా చెప్పలేం. అమెరికాలో 2002లో వచ్చిన ఒక పరిశీలనలో, తమకు ఈస్టే అనుకుని సొంతంగా మందు కొనుక్కున్న 95 మంది ఆడవాళ్లను పరీక్షిస్తే, ఒట్టి ఈస్టే ఉన్నది మూడో వంతు మందికే. మిగిలిన వాళ్లలో చాలామందికి చేపల వాసన వచ్చే బ్యాక్టీరియా ఇన్ఫెక్షనో, ఇంకొకటో ఉంది, కొందరికి ఏమీ లేదు. అందుకని గైనకాలజిస్టును అడిగి స్వాబ్ పరీక్ష చేయించుకోండి. దూదిపుల్లతో కొంచెం తీసి మైక్రోస్కోప్ కింద చూస్తారు, కల్చర్‌కు పంపిస్తే ఏ రకం కాండిడానో తెలుస్తుంది. దీనికి ఒక చిన్న కిటుకు ఉంది: బాధ ఉన్నప్పుడే వెళ్లాలి, వెళ్లే ముందు వారం పది రోజులు దురదకు రాసే క్రీమూ ఫంగస్ మాత్రా వాడకూడదు (సుగర్ మాత్రలు మాత్రం ఆపకూడదు), నెలసరి రోజుల్లో కాకుండా చూసుకోవాలి. మందు వేసుకుని తగ్గాక వెళ్తే స్వాబ్‌లో ఏమీ దొరకదు, మళ్లీ మొదటికే వస్తాం. ఖర్చు గురించి బెంగ ఉంటే ప్రభుత్వాసుపత్రి ఓపీలో చూపించుకోండి, లైన్లో నిలబడాలి, అంతే.

ఈస్టే అని తేలితే, ఏడాదిలో మూడుసార్లకు మించి వచ్చినదాన్ని ఒంటి మాత్రతో వదిలేయరు. మామూలు పద్ధతి ఏమిటంటే ముందు మూడు రోజులకొకటి చొప్పున మూడు ఫ్లూకోనజోల్ మాత్రలు, తర్వాత వారానికి ఒకటి చొప్పున ఆరు నెలలు. మీ విషయంలో గ్లిమిపిరైడ్ ఉంది కాబట్టి దాని డోసు తగ్గించడమో మార్చడమో చేయాల్సి రావచ్చు, లేదంటే మింగే మాత్ర వద్దని వారానికొకసారి లోపల పెట్టుకునే క్లోట్రిమజోల్ మాత్ర రాయవచ్చు. అది రాత్రి పడుకునే ముందు పెట్టుకోవాలి, కాస్త చికాకే, కానీ సుగర్ మాత్రలతో గొడవ ఉండదు. ఏదైనా ఆరు నెలలు అంటే ఆరు నెలలే, మూడో నెలకు హాయిగా ఉందని ఆపేస్తే లాభం లేదు. ఇంకో నిజం కూడా చెప్పాలి. కోర్సు పూర్తయ్యాక కూడా దాదాపు సగం మందికి కొన్నాళ్లకు మళ్లీ రావచ్చు. వస్తే మీరు ఏదో తప్పు చేశారని కాదు. అందుకే ముందు ఆ సుగర్ మాత్ర సంగతి తేల్చుకోమంటున్నాను, కారణం అలాగే ఉంటే మందు ఎన్నాళ్లని కాస్తుంది? కల్చర్‌లో మామూలు రకం కాకుండా వేరే రకం వస్తే మందే మారిపోతుంది, బోరిక్ యాసిడ్ క్యాప్సూల్స్ లోపల పెట్టుకోమంటారు. అవి పొరపాటున మింగితే విషం, పిల్లలకు అందకుండా పెట్టాలి.

జ్వరం వచ్చినా, ఆ చోట వాచి ఎర్రబడి తట్టుకోలేని నొప్పి వచ్చినా, తెల్లారేదాకా ఆగకండి, ఆ రాత్రే ఆస్పత్రికి వెళ్లండి.

రోజువారీ జాగ్రత్తల్లో మీరు ఇప్పటికే చాలా చేస్తున్నారు, నిజానికి ఎక్కువే చేస్తున్నారు. స్నానం నీళ్లలో డెట్టాల్, రోజూ ఇంటిమేట్ వాష్‌తో లోపలి దాకా కడగడం, రెండూ మానేయండి. యోని తనను తానే శుభ్రం చేసుకుంటుంది, లోపల ఏదీ పోయక్కర్లేదు, బయట మామూలు నీళ్లు చాలు. వీడియోలో చూశానన్న పెరుగు కూడా లోపల రాయకండి, అన్నంలో కలుపుకుని తినండి. మూత్రానికి వెళ్లిన ప్రతిసారీ నీళ్లతో కడుక్కుని మెత్తటి గుడ్డతో తడి లేకుండా అద్దుకోండి, డాపాగ్లిఫ్లోజిన్ వేసుకునేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. షాపులో బాత్‌రూమ్ బాగోదని నీళ్లు తాగడం మానొద్దు.

పాలిస్టర్ యూనిఫాం చీర మార్చడం మీ చేతిలో లేదు, లోపలివి మీ చేతిలో ఉన్నాయి. శాటిన్ లంగా బదులు నూలు లంగా, నూలు ప్యాంటీ, మధ్యాహ్నం మార్చుకోవడానికి ఇంకొకటి బ్యాగులో. బెజవాడ ఎండల్లో పన్నెండింటికే ఒళ్లంతా తడిసిపోతుంది కదా. మీరు రాసిన ఒక మాట దగ్గర నేను చాలాసేపు ఆగాను: ప్యాంటీలు బాత్‌రూమ్ తలుపు వెనక మేకుకు, వాటి మీద తువ్వాలు కప్పి ఆరేస్తారట, మావగారి కంట పడకూడదని. అవి పొద్దుటికి కూడా చెమ్మగానే ఉంటాయి, అవే వేసుకుని వెళ్తారు. ఇన్ఫెక్షన్‌కు మూలకారణం అదే అనను, కానీ ఆ చెమ్మ రోజంతా ఒంటికి అంటుకునే ఉంటుంది. డాబా మీద తీగకు ఒక మూల, పైన పలచటి చున్నీ వేసి అయినా సరే, ఎండ తగిలేలా ఆరేయండి. మావగారు చూస్తే చూడనివ్వండి, ఆయన బనియన్లు మీరు ఉతకడం లేదా?

చివరిగా మీ ఆయనతో మాట. చెప్పకపోతే ఏమవుతుందో మీకు ఇప్పటికే తెలుసు: సాకులు అయిపోతాయి, మీ మనసులో ఉన్న అనుమానమే రేపు ఆయన మనసులోనూ పుట్టవచ్చు, భార్య ఎందుకు దూరం పెడుతోందో తెలియని మగవాడు ఏదేదో ఊహించుకుంటాడు. చెబితే మొదట ఇబ్బందిగా ఉంటుంది, ఆయన కంగారు పడొచ్చు, ఎవరి వల్ల అని అడగొచ్చు కూడా. ఎదురుగా కూర్చుని చెప్పలేకపోతే ఆయన లోడ్ మీద ఉన్నప్పుడు, ఏదో దాబా దగ్గర ఆగి ఫోన్ చేస్తారు కదా, అప్పుడు చెప్పండి, మొహం చూడక్కర్లేదు కాబట్టి తేలిక. ఆయన తప్పు చేశారేమో అని అనుకున్నానని మాత్రం ఇప్పుడు చెప్పనక్కర్లేదు. "ఏమండీ, ఆ కొత్త సుగర్ మాత్ర వల్ల నాకు కింద ఇన్ఫెక్షన్ వస్తోందేమో, దురదగా ఉండి దగ్గరకు రాలేకపోతున్నాను, అంటురోగం కాదు, మీరు వచ్చాక ఇద్దరం డాక్టరు దగ్గరకు వెళ్దాం" అనండి. ఆయన వచ్చేలోపు మాత్రల స్ట్రిప్పులన్నీ, ఆ ట్యూబుతో సహా, ఒక కవర్లో వేసి పెట్టుకోండి. స్వాబ్ రిపోర్టు వచ్చాక నాకు మళ్లీ రాయండి.